ఖర్చెందుకు ఎక్కువన్న కాయితానికి జవాబు

నాగపూరు హుజూరు కచేరీకి
సిరొంచ టపా మున్షీ బొల్లంపల్లి రాజలింగు
రాసుకొన్న విన్నపం.

తమరి కాయితం చేరింది.
చాందా నుంచి అరవై అయిదు కోసులు,
ఇరవై ఒక్క మంది భుజాలు మారి,
వాగుల దగ్గర మూడు రాత్రులు ఆగి
నానిపోయి చేరింది.
"ఖర్చెందుకు ఎక్కువ?" అన్న ఒక్క ముక్క మాత్రం
సిరా చెదరకుండా ఉంది.

లెక్క ఇదిగో.
పోయిన నెల అమ్మిన టికెట్లు నూట నలభై రెండు,
అందులో అరవై టేకు కాంట్రాక్టరు గుమాస్తావి.
వచ్చింది నాలుగు రూపాయల ఏడణాలు.
పోయింది నూట పదకొండు చిల్లర.
అన్నీ కల్దారే, హాలి రూపాయి ఒక్కటీ కలపలేదు.

దివిటీ నూనె దేనికని అడిగినారు.
అమాసనాడు అడివి కచేరీ వేళలు పాటించదు.
గజ్జెలు దేనికని అడిగినారు.
పులికి టపా ముద్ర చదవడం రాదు, దొరా.
"మారు ఈటె ఒకటి" అని రాసిన చోట
ఎర్రసిరాతో గీత కింద గీత గీసినారు.
ఈటె పోయింది.
పట్టుకున్నవాడూ పోయినాడు.
గజ్జెలు దొరికినయి, రెండు తక్కువ.
అవే కొత్తవాని కాలికి కట్టినాము.
వాడు పదో తారీకు దాటినాక చేరినాడు గనుక
పది రోజుల జీతం,
ఒక రూపాయి పదణాల ఎనిమిది పైసలు,
మిగులు కింద చూపినాను.

ఇక రాబడి ఎందుకు తక్కువ.
కచేరీ అరుగు మీద నిలబడితే
ప్రాణహిత అవతలి ఒడ్డున నైజాము ఊరు,
పొయ్యిల పొగ కనబడుతుంది.
మా చెల్లె ఆ ఊరి కోడలు.
ఆమెకు నేను ఉత్తరం రాస్తే
అది ముందు చాందా పోవాలె,
నాగపూరులో తమరి దగ్గర ముద్ర తినాలె,
పట్నం పోయి నైజాము టికెట్టు అంటించుకోవాలె,
నెల దాటినాక
నా కళ్ళెదుటి ఒడ్డుకు చేరాలె.
బెస్త ఓదెలు దోనెలో అయితే గడియ సేపు.
కూలి, దోసెడు జొన్నలు.
ఓదెలును పట్టి జుర్మానా వేయమన్నారు.
వేస్తాను.
చెల్లె పురిటి కబురు వాడే తెచ్చినాడు,
ఈ వారం పోనిచ్చి వేస్తాను.

తమరి రెండో కాయితం సంగతి.
టపా నష్టం పూడ్చేందుకు
అడివి ఊళ్ళ మీద పట్టీ:
నాగలి లేని చోట గొడ్డలికి అణా.
మడావి లాల్సు ఊరికి ఆ తాకీదు
మడావి లాల్సే మోసుకొచ్చినాడు.
ఊరు పుట్టినాక ఆ ఊరికి వచ్చిన మొదటి ఉత్తరం అదే.
చదివి చెప్పమని నన్ను పిలిపించినారు.
ఇప్పపూలు ఆరబోసిన చాప జరిపి
కూర్చోను చోటిచ్చినారు.
ఎవరు రాసినారని ఒక ముసలమ్మ అడిగింది,
దూరపు చుట్టం ఎవరో తలుచుకున్నట్టు
ముఖం విప్పార్చుకొని.
నేను తెలుగులో చదివితే
లాల్సు తమ మాటలోకి తిప్పినాడు.
ఒకచోట ఆగినాడు.
మళ్ళీ చదవమన్నాడు.
మళ్ళీ చదివినా అదే ఉంది.
పదకొండు గొడ్డళ్ళు. పదకొండణాలు.

తిరిగి వచ్చే తోవలో
వాడు చాలాసేపు గజ్జెలు మోగకుండా నడిచినాడు.
ఆ కాయితం బరువెంతని అడిగినాడు.
కచేరీకి వచ్చి త్రాసులో వేసి చూపినాను,
అర తులం.
"పదకొండు గొడ్డళ్ళుంటిమి కదా అందుల,
నా భుజానికి తెల్వనే లేదేంది?"
తమరి పద్దుల్లో దీనికి గడి లేదు,
అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నెలకు ఇంకో సేరు నూనె
మంజూరు చేయించగలరు.
వానలు ముదురుతున్నయి.

ఈ విన్నపం తూకం హెచ్చి
టికెట్టు అణా పడింది.
నా చేతి డబ్బు.
ఖర్చులో చూపలేదు.

ఇట్లు, రాజలింగు వ్రాలు.